బోరులో నానో ఇనుము పోస్తే ఫ్లోరైడ్ పోదు

ఇనుప నానో కణాలతో, అంటే కంటికి కనబడనంత సన్నటి ఇనుప రజనుతో, భూగర్భజలాన్ని శుభ్రం చేయొచ్చా అని ఎవరైనా అడిగితే చేయొచ్చనే చెప్తాను. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల బోర్లలో పోసి చేయొచ్చా అని అడిగితే మాత్రం ముందు ఆ బోరు నీళ్ల రిపోర్టు చూపించమంటాను. రిపోర్టులో సమస్య ఫ్లోరైడ్ అని తేలితే ఇక మాట్లాడుకోవాల్సింది ఏమీ లేదు. నైట్రేట్ అని తేలితే ఖర్చు లెక్క వేసి చూపిస్తాను, అడిగినవాళ్లే వద్దనుకుంటారు. క్రోమియం అని వస్తే అప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడతాను.

నేను తిరుపతిలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి బతికేవాణ్ణి. ల్యాబ్ అందుబాటులో ఉంది కాబట్టి తెలిసినవాళ్లు నీళ్లు పట్టుకొచ్చి చూడమని ఇస్తుంటారు. అవి చాలాసార్లు సరిగా కడగని కూల్‌డ్రింక్ సీసాలో వస్తాయి, ఆ గొడవ వేరే. ఈ మధ్య నీళ్లతోపాటు ఒక ప్రశ్న కూడా వస్తోంది. పడమటి మండలాల్లో వ్యవసాయం చేసే మా చిన్నాయన ఫోన్ చేసి, "ఏం నైనా, బోర్లో ఏందో నానో ఇనుము పొడి పోస్తే ఫ్లోరైడంతా పోతాదంట. ఒకాయన ఊర్లోకి వచ్చి చెప్పి పోయినాడు. నువ్వేమంటావు?" అన్నాడు. తర్వాత తిరుపతిలోనే ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఏకంగా కొటేషన్ కాగితం తెచ్చి చూపించారు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు, నీళ్ల గడుసుదనం (కఠినత్వం), క్రిములు, అన్నింటికీ ఒకటే పొడి. కిలో రేటు వేశారు, జీఎస్టీ కూడా వేశారు. వెయ్యి లీటర్లకు ఎంత పొడి పోయాలి అన్నది మాత్రం ఎక్కడా లేదు.

నాకు ఒళ్లు మండింది. దీని వెనక ఉన్న సైన్స్ బూటకమైతే ఇంత మండేది కాదు. అది ముప్పై ఏళ్లుగా జనం చెమటోడ్చి నిలబెట్టిన మంచి సైన్స్.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో 1980ల్లో ఒక విచిత్రం కంటపడింది. ఫ్యాక్టరీల్లో గ్రీజు మరకలు తుడవడానికి వాడే క్లోరిన్ ద్రావకాలు నీళ్లలో కలిసి, ఆ నీళ్లు కొన్ని లోహాలకు తగులుతూ ఉంటే, ద్రావకాల మోతాదు తగ్గిపోతోంది. రాబర్ట్ గిల్హామ్ అనే ప్రొఫెసర్ దాని వెంటపడ్డాడు. 1991లో బోర్డెన్ అనే సైనిక స్థావరంలో, భూగర్భజలం పారే దారికి అడ్డంగా ఇనుప రజను, ఇసుక కలిపి ఒక గోడలా పూడ్చి చూశారు. నీళ్లు ఆ గోడలోంచి జారిపోతూ శుభ్రపడ్డాయి. పంపు లేదు, కరెంటు లేదు. 1996లో అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఎలిజబెత్ సిటీలో తీర రక్షక దళం వాళ్ల స్థలంలో ఇలాంటి గోడే పెద్ద ఎత్తున కట్టారు. పొడవు 46 మీటర్లు, లోతు 7 మీటర్ల పైచిలుకు, మందం 60 సెంటీమీటర్లు. అక్కడ క్రోమియం పూత పూసే షాపు నుంచి ఏళ్ల తరబడి విషం నేలలోకి దిగింది. పదిహేనేళ్ల తర్వాత కొలిచినా ఆ గోడ దాటి వచ్చిన నీళ్లలో క్రోమియం కనబడలేదు. లేత్ మిషన్ కింద రాలే చెత్త లాంటి మామూలు ఇనుముతో జరిగిన పని ఇది.

మరి నానో ఎందుకు వచ్చింది? కందకం తవ్వడానికి ఒక హద్దు ఉంది కాబట్టి. విషం చాలా లోతున ఉన్నా, దాని మీద భవనం ఉన్నా గోడ కట్టలేం. ఇనుమునే నీళ్లలో కలిపి సూదిమందులా లోపలికి ఎక్కించగలిగితే? 1997లో లీహై విశ్వవిద్యాలయంలో వైషియన్ జాంగ్ బృందం, ఇనుప లవణం ద్రావణంలో సోడియం బోరోహైడ్రైడ్ కలిపి, 100 నానోమీటర్ల కంటే చిన్న ఇనుప కణాలు తయారుచేసి, ద్రావకాల మీద ప్రయోగించి చూపించింది. ఆ సైజులో ఒక గ్రాము ఇనుము ఉపరితలం పరిచి కొలిస్తే 20, 30 చదరపు మీటర్లు వస్తుంది. పని జరిగేది ఉపరితలం మీదే కాబట్టి వేగం విపరీతంగా పెరుగుతుంది. 2000లో న్యూజెర్సీలోని ట్రెంటన్ దగ్గర ఒక ఫ్యాక్టరీ స్థలంలో, పల్లాడియం అనే లోహం కొంచెం అద్దిన ఈ కణాల్ని రెండు రోజుల్లో 1.7 కిలోలు నేలలోకి ఎక్కించారు. ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావకం కొన్ని చోట్ల 96 శాతం దాకా తగ్గింది. నాసా వాళ్లు కేప్ కెనావరల్‌లో రాకెట్ విడిభాగాలు కడిగీ కడిగీ అదే ద్రావకంతో ఒక ప్రయోగ వేదిక కింద నేలంతా పాడుచేసుకున్నారు. అది నీటికంటే బరువు, అడుగుకు దిగి మడుగు కడుతుంది. ఇనుప కణాల్ని వంటనూనెలో, నీళ్లలో చిలికి ఆ మడుగులోకి ఎక్కించారు. నూనె ద్రావకాన్ని లోపలికి లాగుతుంది, లోపలున్న ఇనుము దాన్ని విరగ్గొడుతుంది. ఇంత తెలివైన ఆలోచన నాకు రాకపోయెనే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇవన్నీ చదివినవాడికి ఒక సంగతి కనబడాలి. క్లోరిన్ ద్రావకాలు, క్రోమియం. మళ్లీ మళ్లీ ఇవే పేర్లు. ఫ్లోరైడ్ పేరు ఎక్కడా లేదు.

కారణం ఇంటర్ పుస్తకంలోనే దొరుకుతుంది. ఇనుము తుప్పు పట్టడం అంటే తన ఎలక్ట్రాన్లు వదులుకోవడం. పక్కనున్న వాటిలో ఎవరికి ఎలక్ట్రాన్ కావాలో వాళ్లకు ఇచ్చేస్తుంది. ట్రైక్లోరోఎథిలీన్ ఆ ఎలక్ట్రాన్లు తీసుకుని క్లోరిన్ వదిలేసి మామూలు ఎథిలీన్, ఈథేన్‌గా మారిపోతుంది. నీళ్లలో కరిగి తిరిగే, కేన్సర్ తెచ్చే ఆరు వేలెన్సీ క్రోమియం మూడు ఎలక్ట్రాన్లు తీసుకుని మూడు వేలెన్సీకి దిగుతుంది. అది నీళ్లలో కరగదు, ఇనుప తుప్పుతో కలిసి మట్టికి అంటుకుని అక్కడే ఉండిపోతుంది. ఫ్లోరైడ్ సంగతి వేరు. ప్రపంచంలో ఎలక్ట్రాన్ కోసం అన్నిటికంటే ఎక్కువ ఆశపడే మూలకం ఫ్లోరిన్. ఫ్లోరైడ్‌గా మారిందంటేనే కావాల్సిన ఎలక్ట్రాన్ సంపాదించేసుకుందని అర్థం. దానికి ఇనుము ఇంకేం ఇస్తుంది? తీసుకోవడానికి దాని దగ్గర చోటే లేదు.

ఇక్కడ అమ్మేవాళ్ల దగ్గర ఒక జవాబు ఉంటుంది, న్యాయంగా దాన్నీ చెప్పాలి. ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు మీద ఫ్లోరైడ్ అంటుకుంటుంది అంటారు. నిజమే, నీళ్లు పుల్లగా, అంటే ఆమ్లగుణంతో ఉంటే బాగానే అంటుకుంటుంది. కానీ ఫ్లోరైడ్ ఎక్కువున్న మన బోర్ల నీళ్లు దానికి సరిగ్గా తిరగబడి ఉంటాయి. మన కింద ఉన్నది గ్రానైట్, నైస్ రాళ్లు. వాటిలోని అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాలను నీళ్లు వందల ఏళ్లపాటు నానబెడితే ఫ్లోరైడ్ ఊరుతుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ని కొంత పట్టి ఉంచేది. క్షారగుణం, బైకార్బొనేట్ పెరిగిన కొద్దీ కాల్షియం సున్నపు గచ్చులా దిగిపోయి ఫ్లోరైడ్‌కి అడ్డు లేకుండా పోతుంది. అంటే ఎక్కడ ఫ్లోరైడ్ ఎక్కువో అక్కడే పీహెచ్ ఎక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ. అలాంటి నీళ్లలో తుప్పు మీదున్న చోటంతా బైకార్బొనేట్ ఆక్రమిస్తుంది. ఫ్లోరైడ్ అంటుకోవాలంటే పోయాల్సిన ఇనుము మోతాదు చూస్తే బోరు పూడిపోతుంది.

ఇదంతా చిన్నాయనకు ఫోన్లో చెప్పలేక, "ఇనుముకూ ఫ్లోరైడ్‌కూ పడదు చిన్నాయనా, పొయ్యొద్దు" అన్నాను. "మరి ఆయప్ప మాగ్నెట్ పెట్టి చూపించినాడే!" అన్నాడు.

ఆ అయస్కాంతం సంగతి చెప్తాను. అపార్ట్‌మెంట్ వాళ్లకు శాంపిల్‌గా ఇచ్చిన పొట్లం నా దగ్గరికి వచ్చింది. నల్లటి మెత్తని పొడి, ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇచ్చారు. అయస్కాంతానికి చక్కగా అతుక్కుంటోంది. కానీ మాగ్నటైట్, అంటే ఒక రకం ఇనుప తుప్పు, అది కూడా అలాగే అతుక్కుంటుంది. అసలైన నానో ఇనుము గాలికి తగిలితే అంటుకుని మండే గుణం ఉన్నది. అందుకే దాన్ని నీళ్లలో ముద్దగానో, గాలి లేని డబ్బాలోనో, లేదంటే కణం చుట్టూ సన్నటి ఆక్సైడ్ పొర పట్టించో అమ్ముతారు. అది ఇనుమేనా అని తేల్చడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో చిటికెడు వేస్తే బుసబుసమని హైడ్రోజన్ బుడగలు రావాలి. నేను వేశాను. ఒక్క బుడగ రాలేదు. కాసేపటికి ఆమ్లం పసుపురంగుకు తిరిగింది. ఆ పొట్లంలో ఉన్నది తుప్పు. నానో తుప్పే కావచ్చు, కాదనను.

సరే, అసలు సరుకే దొరికిందనుకుందాం. తిరుపతి చుట్టుపక్కల కాలనీల్లో, సెప్టిక్ ట్యాంకులు పక్కపక్కనే ఉన్న చోట, పల్లెల్లో పేడదిబ్బలూ యూరియా ఎక్కువగా ఉన్న చోట నైట్రేట్ పెద్ద తలనొప్పి. తాగునీటిలో దానికి మన ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. 100 ఉన్న బోరు అనుకుని లెక్క వేద్దాం. నైట్రేట్‌ని ఇనుము నిజంగానే మారుస్తుంది. ఒక్కో నైట్రేట్‌కి నాలుగు ఇనుప పరమాణువులు ఖర్చవుతాయి. వెయ్యి లీటర్లలో 100 గ్రాముల నైట్రేట్ ఉంటుంది, దానికి ఒక్క పరమాణువూ వృథా పోకపోతే 360 గ్రాముల ఇనుము కావాలి. రోజుకు 5,000 లీటర్లు వాడే చిన్న అపార్ట్‌మెంట్‌కు 1.8 కిలోలు. నానో ఇనుము కిలో 50 డాలర్లకే దొరికిందని అనుకున్నా, రోజుకు 7,000 రూపాయలు దాటుతుంది. అదే నీళ్లు ట్యాంకర్‌తో తెప్పించుకుంటే ఎంతో తిరుపతిలో ఎండాకాలం గడిపినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇంతా చేస్తే నైట్రేట్ ఎక్కడికి పోయిందో అడగండి. ఎక్కువ భాగం అమ్మోనియాగా మారుతుంది. ఆ అమ్మోనియాను నేలలోని బ్యాక్టీరియా, గాలి తగిలే చోట, మళ్లీ నైట్రేట్ చేసి పెడుతుంది.

ఇదే లెక్క క్రోమియంకు వేసి చూస్తే ఎందుకు ఆ దేశాలవాళ్లు క్రోమియం మీద వాడారో తెలుస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్రోమియం ఉన్న నీళ్లు అనుకుందాం. మన ప్రమాణం 0.05, కాబట్టి ఇది దానికి 40 రెట్ల విషం. వెయ్యి లీటర్లలో ఉండేది 2 గ్రాములు. దాన్ని మార్చడానికి లెక్క ప్రకారం కావాల్సిన ఇనుము 2 గ్రాముల పైచిలుకు. నేలలో సగానికి సగం వృథా పోతుంది, ఇంకా చాలా పోతుంది, వంద రెట్లు వేసుకోండి. అయినా 200 గ్రాముల్లో తేలుతుంది. పైగా నీళ్లలో విషం ఎంత తక్కువ బరువుతో ఎంత ఎక్కువ హాని చేస్తుందో, దాన్ని తీయడానికి ఖర్చు పెట్టడం అంత సబబు.

అపార్ట్‌మెంట్ వాళ్ల కొటేషన్లో ఉన్న మిగతా జబ్బుల్ని త్వరగా దాటేస్తాను. ఉప్పు, అంటే టీడీఎస్, ఇనుముతో తగ్గదు. గడుసుదనం తగ్గించడం అటుంచి, గడుసు నీళ్లే ఇనుము కణాల మీద సున్నపు పెచ్చు కట్టి వాటిని పనికిరాకుండా చేస్తాయి. క్రిములు చస్తాయి, అది నిజం, ల్యాబ్‌లో చాలామంది చూపించారు. నేలలో మనకు మేలు చేసేవి కూడా వాటితోపాటే చస్తాయి. ఇలాంటి కణాలు బయట ఏం హాని చేస్తాయో సరిగా తెలియదనే 2004లో బ్రిటన్‌లో రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ కలిసి ఇచ్చిన నివేదిక, విడి నానో కణాల్ని నేలా నీళ్ల శుద్ధికి వాడటం, తగినంత పరిశోధన జరిగేదాకా ఆపాలని చెప్పింది. నాకైతే అది కాస్త అతి జాగ్రత్త అనిపిస్తుంది. ఇనుము చివరికి తుప్పే అవుతుంది, మన ఎర్రమట్టిలో తుప్పుకు కొరత లేదు. నా అభ్యంతరం విషం గురించి కాదు.

నా అభ్యంతరం రాళ్ల గురించి. ట్రెంటన్, కేప్ కెనావరల్, బోర్డెన్, ఇవన్నీ ఇసుక, ఒండ్రు నేలలు. అక్కడ నీళ్లు మట్టి రేణువుల మధ్యనుంచి ఒక తీరుగా, ఎటు పోతున్నాయో చెప్పగలిగేట్టు పారతాయి. మన పడమటి మండలాల్లో పైన కొన్ని మీటర్ల మురుగురాయి, అంటే మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాయి. నీళ్లు ఉండేది రాతి పగుళ్లలో. వెయ్యి అడుగులు దింపినా పగులు తగలకపోతే దుమ్మే లేస్తుంది, పక్క చేలో నాలుగు వందల అడుగులకే రెండించుల నీళ్లు పడతాయి. పక్కాయన కొత్త బోరు వేసిన నెలకే మన బోరు ఆగిపోవడం, దాని మీద పంచాయితీలు, ఈ జిల్లాలో చూడనివాళ్లు ఎవరు? ఏ పగులు ఏ పగులుతో కలిసిందో బోరు వేసినవాడికీ తెలీదు, కొబ్బరికాయ పట్టుకుని పాయింట్ చెప్పినాయనకూ తెలీదు. అలాంటి చోట మన బోరులో పోసింది మన బోరులోనే ఉంటుందని ఎవరు పూచీ? పగులు వెంట రెండు పొలాల అవతల ఇంకొకరి తాగునీటి బోరులో నల్లనీళ్లుగా తేలొచ్చు. లేదా పోసిన చోటే గడ్డకట్టి, మన పగులునే మూసేసి, ఉన్న నీళ్లు కూడా పోగొట్టొచ్చు.

రెండోదే ఎక్కువ జరుగుతుంది. ఈ కణాలకు అయస్కాంత గుణం ఉంది, ఒకదానికొకటి అతుక్కుంటాయి. సరిగా కలపని సంగటిలో పిండి ఉండలు కట్టినట్టు, నిమిషాల్లో ఉండలు కడతాయి. నానో కణం అని పోసింది నేలలో కాలు పెట్టేసరికి నానో కాకుండా పోతుంది. దీనికి విరుగుడుగా కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ లాంటి జిగురు పూత పూయడం ఈ శతాబ్దం మొదటి దశకంలోనే కనిపెట్టారు. దానితో కొంత మెరుగైంది. అయినా ఇసుక నేలల్లో కూడా ఇవి ప్రయాణించేది మామూలుగా కొన్ని మీటర్లే. అందుకే ఆ దేశాల్లో ఒక బోరులో పోసి చేతులు దులుపుకోరు. దగ్గర దగ్గరగా చాలా చోట్ల గుచ్చుతారు, చుట్టూ పరిశీలన బోర్లు వేస్తారు, నెలల తరబడి కొలుస్తారు. ఎందుకంటే మొదట పడిపోయిన విషం, ఇనుము అయిపోగానే, మట్టిలో దాక్కున్న నిల్వల్లోంచి మళ్లీ పైకి లేవడం చాలా చోట్ల జరిగింది. వారం తర్వాత ఒక్క శాంపిల్ తీసి "చూశారా సార్" అనేవాణ్ణి నమ్మకూడదు.

ఈ విషయంలో మా చదువుకున్నవాళ్ల తప్పు కూడా ఉంది, అది దాచి అమ్మేవాళ్లనే తిట్టడం న్యాయం కాదు. పదిహేనేళ్లుగా "ఆకురసంతో ఇనుప నానో కణాలు" అనే మాట మీద వచ్చినన్ని పరిశోధనా పత్రాలు చూస్తే శేషాచలం అడవిలో నూరని ఆకు మిగిలిందా అనిపిస్తుంది. గ్రీన్ టీతో మొదలైంది, వేపాకు, తులసి, యూకలిప్టస్ అన్నీ అయ్యాయి. ఆకులోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఇనుప లవణంతో కలిస్తే ద్రావణం నల్లబడుతుంది. నల్లబడగానే ఇనుము తయారైందని రాసేస్తారు. చాలాసార్లు అది ఇనుము, పాలీఫినాల్ కలిసిన సంక్లిష్టమో, ఆక్సైడో అయి ఉంటుంది. పాత కాలంలో కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణంతో సిరా చేసిన రసాయనమే అది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ఒకే ఒక్క కాలుష్యాన్ని కలిపి, పీహెచ్ తమకు అనుకూలంగా దించి, బీకరు గంటసేపు గిలకొట్టి, 98 శాతం పోయింది అని గ్రాఫ్ గీస్తారు. ఆ గ్రాఫే రంగుల్లో ప్రింటై చిన్నాయన ఊరికి వచ్చింది. బైకార్బొనేట్, సిలికా, నైట్రేట్, కరిగిన ఆక్సిజన్ అన్నీ ఉన్న ఒక పాకాల బోరు నీళ్లతోనో, రేణిగుంట బోరు నీళ్లతోనో అదే ప్రయోగం చేసి ఆ అంకె కూడా పక్కన వేయాలని నియమం పెడితే సగం పత్రాలు రావు. వచ్చిన సగం పనికొస్తాయి.

తిరుపతిలో పనికొచ్చే నానో పని జరగలేదని కాదు. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు నానో జింక్ ఆక్సైడ్‌ని వేరుశనగ మీద పరీక్షించి 2012లో ఫలితాలు అచ్చువేశారు. నిజమైన పంట మీద, నిజమైన పొలంలో దిగుబడి కొలిచారు. నేను అడుగుతున్న పద్ధతి అదే.

నీళ్లకు ఇనుము వాడాలంటే నా ఓటు నేలపైన, పాత్రలో వాడటానికే. పైన పెడితే ఎంత పోశామో తెలుస్తుంది, ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది, తేడా వస్తే పారేయొచ్చు. బంగ్లాదేశ్ ఆర్సెనిక్ నీళ్ల కోసం అబుల్ హుస్సామ్ అనే రసాయన శాస్త్రవేత్త చేసిన సోనో ఫిల్టర్ రెండు బకెట్లు, ఇసుక, బొగ్గు, ఇనుప రజను. దానికి 2007లో పది లక్షల డాలర్ల గ్రెయింజర్ బహుమతి వచ్చింది. మనకు మూడు గంటల దూరంలో ఉన్న మద్రాస్ ఐఐటీలో తలప్పిల్ ప్రదీప్ బృందం, ఇనుప ఆక్సీహైడ్రాక్సైడ్ నానో కణాల్ని కైటోసాన్ అనే జీవపదార్థంలో బంధించి, ఆర్సెనిక్ తీసే పదార్థాన్ని తయారుచేసింది. అమృత్ అని పేరు పెట్టారు, ఉత్తరాది రాష్ట్రాల్లో ఊళ్లకు ఊళ్లు ఆ నీళ్లు తాగుతున్నాయి. ఇదీ నానో ఇనుమే, తుప్పు రూపంలో. తేడా ఏమిటంటే కణం ఎక్కడికీ పోకుండా గుళికలో కట్టేశారు. నీళ్లు దాని దగ్గరికి వస్తాయి, అది నీళ్ల వెంట పోదు.

మా చిన్నాయన ఊరి ఫ్లోరైడ్‌కు అయితే ఇనుము కంటే అల్యూమినియం దగ్గరి చుట్టం. యాక్టివేటెడ్ అల్యూమినా అనే అల్యూమినియం ఆక్సైడ్ ఉంది, పటిక, సున్నంతో చేసే నల్లగొండ పద్ధతి 1970ల నుంచీ ఉంది. ఆర్వో ప్లాంటు ఉండనే ఉంది, కాకపోతే వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడి ఉంటుంది. దాన్ని తెచ్చి మళ్లీ ఎండిన బోరులోకే వదిలేవాళ్లను చూశాను. అది వద్దని చెప్పాను. తాగడానికీ వంటకూ మాత్రమే శుద్ధి చేసుకోండి, మడికి అక్కర్లేదు అని కూడా చెప్పాను. చెరువు నిండిన ఏడాది ఊరి బోర్లలో ఫ్లోరైడ్ కొంచెం పలచబడుతుంది, అది చిన్నాయనకు నాకంటే బాగా తెలుసు.

మరి క్రోమియం మన విషయమేనా? చిత్తూరు నుంచి గంటో గంటన్నరో ప్రయాణం చేస్తే రాణిపేట. అక్కడ 1990ల్లో మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలిపోయిన వ్యర్థం లక్ష టన్నులకు పైగా గుట్టగా పడి, వాన పడ్డప్పుడల్లా పసుపు నీళ్లు కార్చింది. 2006లో ప్రపంచంలోని పది అతి కలుషిత ప్రదేశాల జాబితా ఒకటి వేస్తే అందులో రాణిపేట ఉంది. మన నీవా నది తమిళనాడులోకి పోయి పొన్నై అనే పేరుతో పాలారులో కలుస్తుంది, నీళ్లు ఇటునుంచి అటు పోతాయే గానీ అటునుంచి ఇటు రావు కాబట్టి ఆ క్రోమియం మనకు ఎదురెక్కి రాదు. కానీ పూత పనులు, తోలు పనులు, లోహం కడిగే పనులు రేణిగుంట, ఏర్పేడు, సత్యవేడు వైపు పెరిగే పారిశ్రామిక ప్రాంతాల్లోకి రావని ఎవరూ అనలేరు. ఒక చిన్న పూత షాపు వెనక గుంట చాలు. నానో ఇనుమో, మామూలు ఇనుప గోడో మన జిల్లాకు నిజంగా అవసరమయ్యేది అక్కడ.

అందుకే ఇప్పుడే చేసిపెట్టుకోవాల్సిన పని ఒకటుంది, దానికి నానో అక్కర్లేదు. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్లు పరీక్షించే కిట్లు వాడటం నేర్పించాలన్నది నియమం. ఆ కిట్లలో ఫ్లోరైడ్, నైట్రేట్ చూస్తారు. పారిశ్రామిక వాడల పక్క ఊళ్లలో దీనికి క్రోమియం పరీక్ష కూడా చేర్చాలి. డైఫినైల్ కార్బజైడ్ అనే రసాయనం వేస్తే ఆరు వేలెన్సీ క్రోమియం ఊదారంగు చూపిస్తుంది, పదో తరగతి పిల్ల కూడా చేయగలదు. ఫ్యాక్టరీ రాకముందు నీళ్లు ఎలా ఉన్నాయో ఒక లెక్క కాగితం మీద ఉండాలి, లేకపోతే రేపు కోర్టులో మొదటి నుంచీ ఇంతే అంటారు.

ఇక ఇంజెక్షన్ ట్రయలే చేయాలని ఎవరికైనా ఉంటే గట్టిరాయిలో వద్దు, స్వర్ణముఖి ఒడ్డున ఇసుక నేలలో చేయండి. ఐఐటీ, ఐసర్, ఎస్వీ యూనివర్సిటీ, మూడూ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. నిజంగా క్రోమియమో ద్రావకమో ఉన్న ఒక చిన్న ముక్క ఎంచుకోండి. నీళ్లు వచ్చే వైపు ఒక బోరు, పోయే వైపు మూడు, పోసే ముందు ఒక వానాకాలం, పోసిన తర్వాత కనీసం రెండు వానాకాలాలు కొలవండి. విషం ఒక్కటే కాకుండా పీహెచ్, కరిగిన ఇనుము, అమ్మోనియా కూడా కొలవండి. ఎంత తగ్గిందో కాక, మళ్లీ ఎప్పుడు పెరిగిందో కూడా అచ్చువేయండి. శాంపిళ్లు మా ల్యాబ్‌లో నేను డబ్బు తీసుకోకుండా చేసిపెడతాను. సీసాలు మాత్రం కడిగినవి తీసుకురండి.